పదిహేను గంటల దానం
(వార్షిక సమావేశంలో సంఘం వైద్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద మా వైద్య విభాగం చదివేది లెక్కల పట్టిక. ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎంతమందికి కళ్ళజోళ్ళు ఇచ్చాం, ఎన్ని యంత్రాలు పంచాం, ఇదీ వరస. ఆ పట్టికను ఈసారి కోశాధికారి గారికి అప్పగించాం. మాకు ఇచ్చిన సమయాన్ని ఒక జబ్బు గురించి, ఆ జబ్బు విషయంలో మేము చేసిన ఒక పొరపాటు గురించి చెప్పడానికి వాడుకుంటాం. డబ్బు మీది కనుక పొరపాటు కూడా మీకు తెలియాలి.

2021లో కరోనా రెండో అల వచ్చినప్పుడు మీరంతా పోటీపడి ఆక్సిజన్ యంత్రాలు ఇచ్చారు. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే ఆ పెట్టెలనే కాన్‌సెంట్రేటర్లు అంటారు. అల తగ్గాక అవి మన కార్యాలయంలో వరసగా మిగిలిపోయాయి. దుమ్ము పట్టించడం ఎందుకని, పాత ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డవారి ఇళ్ళకు వాటిని చేర్చడం మొదలుపెట్టాం. చేర్చాం, ఫోటో దిగాం, వచ్చేశాం. పొరపాటు అక్కడే జరిగింది.

పల్నాడు వైపు ఒక ఊళ్ళో అరవై ఏళ్ళు దాటిన ఒక పెద్దమ్మ ఉండేది. భర్త దూది ఏకి పరుపులు కుట్టేవాడు, ఎప్పుడో పోయాడు. ఆమె నలభై ఏళ్ళు పత్తికట్టె, మిరపకట్టె పొయ్యి ముందు కూర్చుని వండింది. బీడీ గానీ సిగరెట్టు గానీ ఆమె నోట పెట్టింది లేదు. అయినా ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆమెకు యంత్రం ఇచ్చి ఆరు నెలలైన తరువాత మా కార్యకర్తలు ఇద్దరు చూసిరావడానికి వెళ్ళారు. యంత్రం గది మూలన ఉంది. దాని మీద కుట్టుపని చేసిన తెల్లటి గుడ్డ కప్పి ఉంది. "మీరిచ్చిన వస్తువు నాయనా, పాడు కాకుండా జాగ్రత్తగా పెట్టుకున్నా. రాత్రి పడుకోబోయే ముందు ఒక గంట పెట్టుకుంటా" అంది.

ఆ యంత్రాల మీద గంటల మీటరు ఉంటుంది. మోటారు సైకిల్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పినట్టు, యంత్రం ఎన్ని గంటలు నడిచిందో అది చెబుతుంది. ఇచ్చిన రోజు అంకెను తీసివేస్తే మిగిలింది సుమారు 600 గంటలు. ఆ ఆరు నెలల్లో నడవాల్సింది 2,700 గంటలు. పెద్దమ్మ కాళ్ళు మోకాళ్ళ దాకా నీరు పట్టి ఉన్నాయి.

గంటే ఎందుకు పెట్టుకుంటున్నావని అడిగితే ఆమె ముందు నవ్వింది. తరువాత కోడలు కరెంటు బిల్లు తెచ్చి చూపించింది. మొదటి నెల డాక్టరు చెప్పినట్టే వాడారు. వచ్చిన బిల్లు చూసి ఇంట్లో గొడవ అయింది. రెండో నెల నుంచి గంటకు తగ్గించుకుంది. కొడుకు ఆటో నడుపుతాడు, ఇద్దరు పిల్లల ఫీజులు ఉన్నాయి. తన ఊపిరి కోసం వాళ్ళ మీద భారం వేయడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

గంటకూ పదిహేను గంటలకూ తేడా ఏమిటో చెప్పాలంటే ముందు జబ్బు గురించి చెప్పాలి. కొంచెం ఓపికగా వినండి.

బీపీ అనగానే మనకు తెలిసింది చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ. 120 మీద 80 అంటాం. అది గుండె ఎడమ భాగం ఒళ్ళంతటికీ రక్తాన్ని తోసే బలం. గుండెకు కుడి భాగం కూడా ఉంది. దాని పని ఒళ్ళంతా తిరిగి వచ్చిన చెడు రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపడం. ఊపిరితిత్తులు గుండె పక్కనే ఉన్నాయి, వాటి నాళాలు మెత్తనివి, కనుక అక్కడ పెద్ద బలం అవసరం లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ నాళంలో సగటు పీడనం పాదరసం మట్టంలో సుమారు 14 మిల్లీమీటర్లు. అది 20 దాటితే ఊపిరితిత్తుల బీపీ అంటారు. డాక్టర్ల మాటలో పల్మనరీ హైపర్‌టెన్షన్. చేతి పట్టీకి ఇది అందదు. చేతి బీపీ చక్కగా ఉన్న మనిషికి కూడా లోపల ఈ బీపీ ఉండవచ్చు.

కుడి గుండె నుంచి రక్తం ఊపిరితిత్తుల మీదుగా ఎడమ గుండెకు చేరుతుందన్న సంగతి ఇవాళ బడి పిల్లలకు తెలుసు. ఒకప్పుడు అది ఎవరికీ తెలియదు. గుండె మధ్య గోడలో కనిపించని రంధ్రాలు ఉన్నాయని, వాటిలోంచి రక్తం ఇటు నుంచి అటు ఊరుతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాటే వెయ్యేళ్ళకు పైగా చెల్లింది. ఆ గోడకు రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి గాలితో కలిసి ఎడమ వైపుకు వస్తుంది అని 1242లో రాసినవాడు ఇబ్న్ అల్ నఫీస్. డమాస్కస్‌లో చదువుకుని కైరోలో వైద్యం చేసినవాడు. ఇబ్న్ సీనా గ్రంథానికి రాసిన వ్యాఖ్యలో ఆ మాట చెప్పాడు. ఆ రాతప్రతిని 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో ఈజిప్టు వైద్యుడు తతావీ గుర్తించేదాకా లోకం దాన్ని మరిచిపోయింది. ఇబ్న్ అల్ నఫీస్ 1288లో చనిపోతూ తన ఇంటిని, పుస్తకాలను కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి రాసిచ్చాడు. ఆయన గురించి మళ్ళీ చివర్లో చెప్తాం.

ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఈ బీపీ ఎందుకు వస్తుంది? పొలం ఉన్నవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఒక మడిలో పైరు లేదనుకోండి, ఆ మడికి నీళ్ళు వదలం. మడవ కట్టేసి పైరున్న మడికి మళ్ళిస్తాం. ఊపిరితిత్తులు కూడా అదే చేస్తాయి. ఏ భాగానికి గాలి అందడం లేదో ఆ భాగానికి వెళ్ళే రక్తనాళాలు వాటంతట అవే బిగుసుకుంటాయి. రక్తం గాలి ఉన్న భాగానికి మళ్ళుతుంది. 1946లో స్వీడన్‌లో వాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లుల మీద పరీక్షించి ఈ సంగతిని స్పష్టంగా చూపించారు. ఇది దేవుడు పెట్టిన మంచి ఏర్పాటు. ఒక మూల న్యుమోనియా వస్తే ప్రాణం కాపాడేది ఇదే.

చిక్కల్లా ఎక్కడంటే, అన్ని మళ్ళకూ ఒకేసారి కరువు వచ్చినప్పుడు. దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బులో గాలి అందనిది ఒక మూలకు కాదు, దాదాపు అన్ని వైపులా. అన్ని మడవలూ మూసుకుంటే కాలువలో నీళ్ళు ఎక్కడికి పోతాయి? గట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. నెలలు, ఏళ్ళు అలా గడిచేసరికి బిగుసుకున్న నాళాల గోడలు మందమవుతాయి. జబ్బు వల్ల ఊపిరితిత్తుల్లో కొన్ని సన్న నాళాలు పూర్తిగా నశిస్తాయి. మెత్తటి పని చేయడానికి పుట్టిన కుడి గుండె ఆ ఒత్తిడికి ఎదురు తోసి తోసి ముందు లావెక్కుతుంది, తరువాత సాగిపోతుంది, చివరకు అలిసిపోతుంది. అప్పుడు రక్తం వెనక్కి నిలుస్తుంది. కాళ్ళకు నీరు పడుతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, కాలేయం వాచి కుడి డొక్కలో బరువుగా ఉంటుంది. పెద్దమ్మ కాళ్ళ వాపు మొదలు ఆ పొయ్యి దగ్గరుంది.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే సీఓపీడీ అనే జబ్బు మన దేశంలో 2016 నాటికి సుమారు 5 కోట్ల 50 లక్షల మందికి ఉందని అంచనా. అందరికీ ఊపిరితిత్తుల బీపీ రాదు, వచ్చినవారిలో ఎక్కువమందికి అది ఒక మోస్తరుగానే ఉంటుంది. కానీ జబ్బు ముదిరి ఆక్సిజన్ పడిపోయిన వారిలో ఇది మామూలు. మన మధ్య ఎవరికి వస్తుందో చూడండి. కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపిన ఆడవాళ్ళు. దూది ఏకే షెడ్లలో, జిన్నింగు మిల్లుల్లో పత్తి దుమ్ము పీల్చిన నూర్‌బాషా సోదరులు. రాళ్ళ క్వారీల్లో, క్రషర్ల దగ్గర పనిచేసినవారు. బీడీ తాగినవారు. ఎప్పుడో టీబీ వచ్చి నయమైనా ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలినవారు. మన దానం అందుకునే ఇళ్ళ జాబితా తీస్తే సగం పేర్లు ఈ వరసలోనే ఉంటాయి.

గుర్తు పట్టడం కష్టం. ఎందుకంటే మొదటి లక్షణం ఆయాసం, ఆ మనిషికి ఆయాసం పాతదే. "వయసు మీద పడింది" అనుకుంటారు. నిరుడు మసీదు దాకా నడిచినవారు ఈ ఏడు వీధి చివరే ఆగిపోతే, పాదాలు సాయంత్రానికి కాక పొద్దున్నే వాచి ఉంటే, పెదవులు నీలంగా కనిపిస్తే, నాలుగు మెట్లెక్కి కళ్ళు తిరిగి పడితే అది వయసు కాదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్, ఊదించి చూసే స్పైరోమెట్రీ, గుండెకు 2డి ఎకో చేయించాలి. ఎకో చెప్పేది అంచనా మాత్రమే, ఊపిరితిత్తులు ఉబ్బిన వారిలో అది అటూ ఇటూ కావచ్చు. కచ్చితంగా తెలియాలంటే సన్నని గొట్టాన్ని కుడి గుండెలోకి పంపి కొలవాలి. ఆ పరీక్ష అందరికీ అవసరం ఉండదు. ఎవరికి కావాలో గుండె డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు కలిసి చెప్తారు.

ఇప్పుడు వైద్యం దగ్గరికి వద్దాం. దాతల నుంచి మాకు తరచుగా వచ్చే ప్రశ్న ఇది: "ఊపిరితిత్తుల బీపీకి బిళ్ళలున్నాయట కదా, ఖరీదైనా పర్వాలేదు, మేము కొనిస్తాం." మీ మనసుకు సలాం. కానీ ఆ బిళ్ళలు ఎక్కువగా వేరే రకం ఊపిరితిత్తుల బీపీ కోసం తయారైనవి. నాళాలలోనే జబ్బు పుట్టిన వారికి అవి మేలు చేస్తాయి. పాడైన ఊపిరితిత్తుల వల్ల బీపీ వచ్చిన వారికి అవి మడవలన్నీ ఒక్కసారి తెరిచేసినట్టు. పైరు లేని మళ్ళకు కూడా నీళ్ళు పోతాయి, రక్తంలో ఆక్సిజన్ ఇంకా పడిపోవచ్చు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులో రియోసిగువాట్ అనే మందుతో చేసిన పరీక్షను 2016లో మధ్యలోనే ఆపేశారు, మందు తీసుకున్నవారిలో మరణాలు, ఇబ్బందులు ఎక్కువగా కనిపించినందుకు. పీల్చే ట్రెప్రోస్టినిల్ అనే మందుకు 2021లో అమెరికాలో అదే గట్టిపడే జబ్బుతో వచ్చిన బీపీకి అనుమతి దొరికింది. అదే మందును సీఓపీడీ ఉన్నవారిలో పరీక్షిస్తే హాని కనిపించి ఆపేశారు. ఒకే పేరున్న జబ్బు, ఒకే మందు, ఒకరికి మేలు, ఇంకొకరికి కీడు. కనుక ఎవరో వాడి బాగుపడ్డారని మరొకరికి కొనివ్వకండి.

మరి సీఓపీడీ ఉన్నవారికి ఏది పనిచేస్తుంది? పొగ మానడం. ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చడం. ఫ్లూ, న్యుమోనియా టీకాలు. డాక్టరు చెప్పిన మోతాదులో నీరు తీసే బిళ్ళలు. మెల్లగా నడక, కండరాలకు వ్యాయామం. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన వారికైతే రోజుకు కనీసం పదిహేను గంటల ఆక్సిజన్.

ఈ పదిహేను ఎక్కడిదో చెప్పాలి. 1981లో బ్రిటన్‌లో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, ఆక్సిజన్ తగ్గి, కాళ్ళకు నీరు పట్టిన దశ చూసిన 87 మందిని రెండు జట్లుగా చేశారు. 42 మందికి ఇంట్లోనే రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ ఇచ్చారు. 45 మందికి ఇవ్వలేదు. ఐదేళ్ళలో ఇవ్వని జట్టులో 30 మంది చనిపోయారు. ఇచ్చిన జట్టులో 19 మంది. అంతకు ఏడాది ముందు, 1980లో, అమెరికాలో 203 మందితో మరో పరీక్ష పూర్తయింది. అక్కడ ఒక జట్టుకు రాత్రిపూట 12 గంటలు, రెండో జట్టుకు వీలైనంతవరకు రోజంతా ఇచ్చారు. రెండో జట్టువారు సగటున 18 గంటల దాకా పెట్టుకోగలిగారు. ఏడాది తిరిగేసరికి రాత్రి మాత్రమే పెట్టుకున్న జట్టులో మరణాలు దాదాపు రెట్టింపు. నలభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ వైద్యులు నడిచేది ఈ రెండు పరీక్షల వెలుగులోనే.

బ్రిటన్ పరీక్షలో మరో సంగతి ఉంది, దాతలు గుర్తుపెట్టుకోవాల్సింది. మగవారిలో మొదటి 500 రోజుల దాకా రెండు జట్ల మధ్య పెద్ద తేడా కనిపించలేదు. తేడా ఆ తరువాత వచ్చింది. ఆక్సిజన్ తలనొప్పి బిళ్ళ కాదు. ఊపిరితిత్తుల బీపీని తగ్గించి మామూలు మనిషిని చేయదు. అది ఇంకా పెరగకుండా పట్టి ఉంచుతుంది, మూసుకున్న మడవలను కాస్త కాస్త తెరుస్తుంది, కుడి గుండెకు ఊపిరి తీసుకోనిస్తుంది. రోజూ, ఎక్కువ గంటలు, ఏళ్ళ తరబడి పెట్టుకుంటేనే. పడుకోబోయే ముందు గంటసేపు పెట్టుకుంటే మనసుకు ఊరట తప్ప గుండెకు ఏమీ ఒరగదు.

అలాగని ఆయాసపడే ప్రతివారికీ యంత్రం ఇవ్వడం కూడా తప్పే. ఆక్సిజన్ ఓ మోస్తరుగా మాత్రమే తగ్గిన 738 మందితో అమెరికాలో చేసిన పరీక్ష 2016లో వెలువడింది. వారికి ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చినా ఆయుష్షు పెరగలేదు, ఆసుపత్రి ప్రయాణాలూ తగ్గలేదు. జబ్బు నిలకడగా ఉన్న రోజుల్లో, కూర్చుని ఉండగా ఆక్సీమీటర్ 88 గానీ అంతకన్నా తక్కువ గానీ చూపిస్తే ఆలోచించాలి. మణికట్టు దగ్గర రక్తం తీసి చూసే పరీక్షలో 55 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఇవ్వాలి. కాళ్ళకు నీరు, కుడి గుండె మీద భారం, రక్తం చిక్కబడటం ఉన్నవారికి 59 దాకా ఉన్నా ఇవ్వవచ్చు. ఆసుపత్రి నుంచి రాగానే ఇచ్చిన ఆక్సిజన్‌ను రెండు మూడు నెలల్లో మళ్ళీ పరీక్షించి చూడాలి. కొందరికి అప్పటికి అవసరం తీరిపోతుంది. ఆ యంత్రం ఇంకొకరికి చేరుతుంది.

ఇక పెద్దమ్మ కోడలు చూపించిన బిల్లు దగ్గరికి వద్దాం. ఆ యంత్రం సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. పదిహేను గంటలకు ఐదుంపావు యూనిట్లు. నెలకు 157 యూనిట్లు. ఒక ఫ్యానూ రెండు బల్బులూ టీవీ ఉన్న ఇంటికి మొత్తం వాడకమే అంత ఉండదు. పైగా మన కరెంటు బిల్లు శ్లాబుల లెక్క. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు కూడా పెరుగుతుంది. తెలంగాణలో ఉన్న మన బంధువుల ఇళ్ళలో 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా వచ్చే గృహజ్యోతి పథకం ఉంది. ఈ యంత్రం పెడితే ఆ గీత దాటిపోయే ఇళ్ళున్నాయి. అంటే మనం ఉచితంగా ఇచ్చిన యంత్రం పేదవాడికి నెలనెలా ఒక అప్పు. గుడ్డ కప్పి మూలన పెట్టక ఏం చేస్తారు?

యూనిట్ ఆరు రూపాయలు చొప్పున లెక్క వేసుకుందాం. నెలకు 942 రూపాయలు. ఆ నెలలో 450 గంటలు. ఒక గంట ఊపిరికి రెండు రూపాయల పైచిలుకు. యంత్రానికి వేలకు వేలు పోసిన మనం ఈ రెండు రూపాయల గురించి ఆలోచించలేదు. మా పొరపాటు అదే.

పెద్దమ్మ విషయంలో ఆ రోజే నిర్ణయం తీసుకున్నాం. యంత్రం వల్ల పెరిగిన బిల్లు సంఘం ఇస్తుందని చెప్పాం. నెలకోసారి కార్యకర్త వెళ్ళి గంటల మీటరు, కరెంటు మీటరు రెండూ రాసుకొస్తాడు. జాలీ కడిగారా, గొట్టం పగిలిందా చూస్తాడు. డాక్టరు రెండు లీటర్లు పెట్టమంటే రెండే ఉందా చూస్తాడు. ఎక్కువ పెడితే ఎక్కువ మంచిదనుకుని కొందరు మీట తిప్పేస్తారు. సీఓపీడీ ముదిరిన వారికి అది ప్రమాదం. వారికి ఆక్సీమీటర్ 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. 98కి తేవాలని చూస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మత్తుగా పడిపోతారు. మరో హెచ్చరిక కూడా కార్యకర్తలే చేస్తారు. యంత్రం నడుస్తున్న గదిలో బీడీ, అగ్గిపుల్ల, లోబాన్ ధూపం, అగరొత్తి ఏవీ వెలిగించకూడదు. ఆక్సిజన్ దగ్గర నిప్పు చిటికెలో అంటుకుంటుంది.

రెండు నెలలు తిరిగేసరికి పెద్దమ్మ కాళ్ళ వాపు తీసింది. నీరు తీసే బిళ్ళ వల్ల కొంత, ఆక్సిజన్ వల్ల కొంత. పెద్ద గొట్టం పెట్టుకుని ఆ యంత్రానికి కట్టేసినట్టే అయినా వాకిట్లోకి వచ్చి కూర్చుని మనవరాలికి జడ వేసేది. రంజాన్ ముందు మా డాక్టరు గారు వెళ్ళి, ఉపవాసం పేరుతో ఇన్‌హేలర్, బిళ్ళలు మానేయవద్దని, రోగికి ధర్మం ఇచ్చిన వెసులుబాటు గురించి ఇమాం గారిని అడగమని చెప్పి వచ్చారు. ఆమె అడిగింది, ఆయన చెప్పింది విని మనసు కుదుటపడింది. అంతకుముందు ఏడు ఆ నెలలోనే ఆమె ఆసుపత్రిలో చేరింది. ఈసారి పండుగ ఇంట్లోనే చేసుకుంది.

మా సంతోషం కోసం కథను ఇక్కడ ఆపేయవచ్చు. కానీ ఈ జబ్బు అలాంటిది కాదు. పద్నాలుగు నెలల తరువాత, ఒక చలికాలంలో జ్వరం, న్యుమోనియా వచ్చి ఆమె చనిపోయింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. నలభై రోజులయ్యాక కొడుకు తన ఆటోలోనే యంత్రాన్ని తెచ్చి కార్యాలయంలో దించాడు. గుడ్డతో తుడిచి, జాలీ కడిగి, గొట్టం చుట్టి తెచ్చాడు. మీటరు చూశాం. మేము బిల్లు కట్టడం మొదలుపెట్టిన నాటి నుంచి 6,100 గంటలకు పైగా నడిచింది. "ఆ గంటల్లోనే మా అమ్మ మాతో ఉంది సార్" అన్నాడు. ఆ యంత్రం ఇప్పుడు మరో ఇంట్లో ఉంది. అది క్వారీలో పనిచేసిన ఒక చాచా ఇల్లు.

సోదర సోదరీమణులారా, మీ ముందు మూడు విన్నపాలు పెడుతున్నాం.

మొదటిది. ఈ ఏడు కొత్త యంత్రాలు వద్దు. ఉన్నవాటికి గంటలు కావాలి. ఒక రోగికి ఏడాది పొడవునా కరెంటు భారం పంచుకునే దాతలు కావాలి. రంజాన్‌లో ఒక్కసారి ఇచ్చి సంతోషించడం మన అలవాటు, మంచి అలవాటే. కానీ బిల్లు నెలనెలా వస్తుంది. కనుక చిన్న మొత్తమైనా నెలనెలా ఇచ్చేవారు మాకు ఎక్కువ అవసరం. జకాత్ గురించి కూడా స్పష్టంగా చెప్తాం. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి సొంతం కావాలి. యంత్రం సంఘం ఆస్తిగానే ఉండి ఇళ్ళు మారుతుంది కనుక దాన్ని సాధారణ దానం ఖాతా నుంచే కొన్నాం. కరెంటు సాయం అర్హులైనవారి చేతికే ఇస్తాం. ఏది ఏ ఖాతాలోంచి వెళ్ళాలో ఉలమాలను అడిగే నడుచుకుంటున్నాం.

రెండోది. యంత్రం ఇచ్చే ముందు పరీక్షలకు సాయం చేయండి. స్పైరోమెట్రీ, ఎకో, రక్తపరీక్ష, మూడు నెలల తరువాత మళ్ళీ చూడటం. ఫోటోలో పడని ఖర్చులివి. ఇవి లేకపోతే అవసరం లేనివారి ఇంట్లో యంత్రం ఉంటుంది, అవసరమైనవారు వరసలో ఉంటారు.

మూడోది పొయ్యి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్వల వచ్చింది. 2024 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి. గ్యాసు కనెక్షన్ లేని ఇల్లు ఇప్పుడు తక్కువే. కానీ సిలిండరు అయిపోయాక నెలాఖరులో కట్టెల పొయ్యి మళ్ళీ వెలుగుతుంది. స్నానానికి నీళ్ళు ఇంకా కట్టెల మీదే కాగుతున్నాయి. పెళ్ళికి ఇచ్చే సామానుతోపాటు ఆ కొత్త కోడలి ఇంటికి నాలుగో సిలిండరు, ఐదో సిలిండరు ఇచ్చేవారుంటే ముప్పై ఏళ్ళ తరువాత ఒక యంత్రం తగ్గుతుంది.

ఇబ్న్ అల్ నఫీస్ దగ్గరికి మళ్ళీ వస్తామన్నాం. ఆయన తన ఇల్లు రాసిచ్చిన మన్సూరీ ఆసుపత్రిని సుల్తాన్ కలావూన్ 1284లో కట్టించాడు. కట్టించి ఊరుకోలేదు. దాని రోజువారీ ఖర్చు కోసం వక్ఫ్ ఆస్తులు పెట్టాడు. ఆ ఆదాయంతో అది వందల ఏళ్ళు నడిచింది. కట్టడం ఒకరోజు దానం. నడపడం రోజూ చేయాల్సిన దానం. మన పెద్దలకు ఏడు వందల ఏళ్ళ కిందటే తెలిసిన ఈ సంగతిని మేము ఒక పెద్దమ్మ ఇంట్లో గుడ్డ కప్పిన యంత్రం ముందు నిలబడి నేర్చుకున్నాం.

వచ్చే ఏడు ఈ వేదిక మీద మా విభాగం చదివే పట్టికలో ఎన్ని యంత్రాలు ఇచ్చామన్న గడి ఉండదు. ఎన్ని గంటలు నడిచాయన్న గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే మమ్మల్ని నిలదీయండి. నిండి ఉంటే అది మీ దానమే.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆయాసంతో మంచాన ఉన్న ప్రతి ఒక్కరికీ స్వస్థత కలిగించుగాక. అస్సలాము అలైకుమ్.